సాగర్ గేట్ల దగ్గరే కుదరని సహకారం దేశాల మధ్య కుదురుతుందా?

వనపర్తి నుంచి గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: "వాతావరణ మార్పు దేశ భద్రతకు ముప్పు, దానికి ప్రాంతీయ సహకారమే మందు అని ప్రతి పుస్తకంలోనూ ఉంది. కానీ ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలే నాగార్జునసాగర్ డ్యామ్ మీద పోలీసులను నిలబెట్టాయి. ఇక దేశాల మధ్య సహకారం జరిగే పనేనా? ఎక్కడైనా నిజంగా పనిచేసిందా? ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?"

నేను నీటిపారుదల శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన ఇంజనీరును. ఉద్యోగం ఎక్కువగా అప్పటి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోనే గడిచింది. ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాను. విదేశాంగ విధానం నా చదువు కాదు. ఎగువ వాళ్లకూ దిగువ వాళ్లకూ మధ్య నమ్మకం ఎక్కడ తెగుతుందో, తెగినది ఎలా అతుకుతుందో మాత్రం కాలువ గట్ల మీద చాలాసార్లు చూశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. జరిగే పనే, జరిగింది కూడా. నీళ్ల పంపకంతో మొదలుపెట్టిన చోట్ల కంటే, లెక్కలు ఇచ్చిపుచ్చుకోవడంతో మొదలుపెట్టిన చోట్ల బాగా జరిగింది. గేజీ (నీటి మట్టం కొలిచే సాధనం) రీడింగు, గేటు ఎత్తిన గంట, రాబోయే తుపాను దారి, ఇవి పక్కవాడికి చెబితే మన సొమ్మేమీ పోదు. వాటి మీద నమ్మకం కుదిరాక రెండో మెట్టు వస్తుంది: కరువు ఏడాది ఎవరు ఎంత తగ్గించుకోవాలో కరువు రాకముందే రాసుకోవడం. ఈ మెట్టు ఎక్కినవాళ్లు ప్రపంచంలోనే తక్కువ. మన కృష్ణా ఇంకా ఎక్కలేదు.

మీరు ఎత్తిన సాగర్ సంగతే ముందు చూద్దాం. అక్కడ గొడవ రెండుసార్లు ముదిరింది. 2015 ఫిబ్రవరి 13న కుడి కాలువకు నీటి విడుదల విషయంలో రెండు రాష్ట్రాల అధికారులు, పోలీసులు డ్యామ్ మీదే తోపులాటకు దిగారు. మర్నాడు ఇద్దరు ముఖ్యమంత్రులు గవర్నర్ సమక్షంలో కూర్చోవలసి వచ్చింది. రెండోది 2023 నవంబరు 30, తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లవారేసరికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు 26 క్రస్ట్ గేట్లలో 13 గేట్ల దాకా తమ అధీనంలోకి తీసుకున్నారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. కేంద్ర హోం శాఖ కలగజేసుకుని నవంబరు 28 నాటి స్థితికి వెళ్లాలని చెప్పింది. డ్యామ్ కాపలా సీఆర్పీఎఫ్ చేతికి వెళ్లింది.

ఎవరిది తప్పో నేను తేల్చను. ఆ పని చేయడానికి రెండు ఒడ్డుల మీదా కావలసినంత మంది ఉన్నారు. నేను చూడమనేది ఆ ఏడాది వానను. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు. కృష్ణాకు సరైన వరద రాలేదు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస వినియోగ మట్టం 510. అంతకంటే దిగితే పుట్టంగండి దగ్గర హైదరాబాద్ తాగునీటి కోసం అత్యవసర మోటార్లు దించాలి. 2016 వేసవిలో ఆ స్థితి వచ్చింది కూడా. అంటే రెండు రాష్ట్రాల కాలువలు, ఒక మహానగరం దాహం, కొన్ని జిల్లాల యాసంగి, అన్నీ కలిసి ఆ 80 అడుగుల నీటి మీద ఆధారపడి ఉన్నాయి. వరద బాగా వచ్చిన ఏడాది ఆ డ్యామ్ మీద పోలీసులు చేసేది సందర్శకుల బండ్లను అదుపు చేయడం. రాని ఏడాది చేసింది మీరు చూశారు.

ఆ తర్వాత తొమ్మిది నెలలు తిరిగేసరికి, 2024 సెప్టెంబరు 1న, కుండపోత వానకు అదే సాగర్ ఎడమ కాలువకు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలో గండి పడింది. చుక్క కోసం పేచీ పడిన ప్రాజెక్టు, ఏడాది గడవకముందే నీటిని ఆపలేక తెగింది. వాతావరణ మార్పు అంటే నాకు కళ్లెదుట కనిపించేది ఇదే. వేడెక్కిన గాలి ఒక్కో డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఏడాది మొత్తం వాన లెక్క పెద్దగా మారకపోవచ్చు. వాన పడే రోజులు తగ్గి, పడినప్పుడు కుమ్మరిస్తుంది. మా రూల్ కర్వులు (ఏ నెలలో జలాశయంలో ఎంత నీరు ఉంచాలో చెప్పే పట్టికలు), కాలువ గట్లు, ఒప్పందాలు అన్నీ పాత వానను నమ్మి రాసినవి.

ఆ నమ్మకం ఎంత లోతైనదో చెప్పడానికి కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ చాలు. 1969లో ఏర్పడి 1973లో తీర్పు ఇచ్చింది. 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు పరిశీలించి, 75 శాతం విశ్వసనీయతతో కృష్ణాలో 2,060 టీఎంసీలు ఉంటాయని తేల్చింది. పునరుత్పత్తి జలాలు (వాడాక తిరిగి నదిలోకి చేరే నీరు) కలిపి మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 దక్కాయి. 75 శాతం విశ్వసనీయత అంటే నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం అంత నీరు వస్తుందని. మరి నాలుగో ఏడాది? ఆ లోటును చాలావరకు దిగువ రాష్ట్రమే భరించాలి, అందుకు బదులుగా మంచి ఏడాదిలో మిగులు నీరు వాడుకునే స్వేచ్ఛ ఉంటుంది. ఇదీ ఏర్పాటు. అప్పట్లో న్యాయంగానే ఉంది. కానీ చెడ్డ ఏడాదులు వరుసగా రెండు వస్తే, మంచి ఏడాది నీరు పది రోజుల్లో వచ్చి సముద్రంలో కలిసిపోతే, ఆ స్వేచ్ఛతో దిగువవాడు చేసుకునేదేముంది?

రాష్ట్రం విడిపోయాక ఆ 811లో 512 ఆంధ్రప్రదేశ్‌కు, 299 తెలంగాణకు అని ఒక తాత్కాలిక సర్దుబాటు జరిగింది. ఎప్పుడో గమనించండి: 2015 జూన్‌లో, అంటే డ్యామ్ మీద తోపులాట జరిగిన నాలుగు నెలలకు. ఒక్క ఏడాదికి అనుకున్నది ఏళ్ల తరబడి సాగింది. తెలంగాణ దాన్ని ఒప్పుకోనని చెబుతూ వచ్చింది. 2023 అక్టోబరులో కేంద్రం కృష్ణా మీద రెండో ట్రిబ్యునల్ అయిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు అప్పగించింది. వాదనలు ట్రిబ్యునల్ ముందున్నాయి కాబట్టి వాటా ఎంత ఉండాలన్న చర్చలోకి నేను పోను.

ఇప్పుడు నా స్వంత అనుభవం ఒకటి. 2009 గుర్తుందా? మీరు అప్పుడు చిన్నవాళ్లై ఉంటారు. ఆ ఏడాది దేశంలో రుతుపవన వర్షం 22 శాతం తక్కువ. సెప్టెంబరు చివరి దాకా మేము కరువు నివేదికలు రాస్తూ కూర్చున్నాం. అక్టోబరు మొదటి రెండు రోజుల్లో ఆకాశం విరిగిపడింది. కర్నూలు మునిగింది. ఇటు అలంపూర్ ప్రాంతంలో తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలిలో చేనేత మగ్గాలు బురదలో కూరుకుపోయాయి. శ్రీశైలానికి వచ్చిన వరద దాదాపు 25 లక్షల క్యూసెక్కులకు చేరింది. డ్యామ్ కట్టింది 19 లక్షలకు. మా లెక్కలో 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆ వేగంతో ఒక్క రోజు వస్తే శ్రీశైలం జలాశయం అడుగు నుంచి అంచు దాకా నిండుతుంది.

ఆ రాత్రి నేను గద్వాల వైపు డ్యూటీలో ఉన్నాను. ఎగువన ఉన్న ఒక ప్రాజెక్టు నుంచి వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. ఆపరేటర్ లాగ్‌బుక్‌లో రాసిన వరుస ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఎన్ని గేట్లు ఎత్తారో ఉంది. ఎన్ని క్యూసెక్కులు వదిలారో ఉంది. ఎన్ని గంటలకు వదిలారో లేదు. ఆ గంట లేకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. నీరు ఇప్పుడే బయలుదేరిందా, ఆరు గంటల కిందటే బయలుదేరి మా గుమ్మం ముందు ఉందా? మూడుసార్లు పిలిచాం, అవతల లైను పోయింది. ఇక చేసేది లేక, ఒడ్డున ఉన్న స్తంభం మీద ఎర్ర రంగు గీతలను టార్చిలైటుతో చూస్తూ, అర గంటకోసారి ఎన్ని అంగుళాలు ఎక్కిందో సుద్దముక్కతో గోడ మీద రాస్తూ కూర్చున్నాం. నాలుగో గీత దగ్గర అర్థమైంది, నీరు వచ్చేసిందని. ఒక ఊళ్లో మనుషులను లేపి బయటికి పంపగలిగాం. పశువులను విప్పే వ్యవధి మాత్రం దొరకలేదు. తెల్లారి కట్టుకొయ్యలకు అలాగే ఉన్నాయి.

అవతలివాళ్లు దుర్మార్గులు కారు. వాళ్లూ రెండు రాత్రులు నిద్రలేకుండా ఉన్నవాళ్లే. ఫారంలో 'సమయం' అనే గడి లేదు, కాబట్టి రాయలేదు, అంతే. ప్రాంతీయ సహకారం అనే పెద్దమాట విన్నప్పుడల్లా నాకు ఆ లేని గడి గుర్తుకొస్తుంది.

ఆ మరుసటి ఏడాది నేను రాయచూరు వైపు పనిచేసే ఒక ఇంజనీరు నంబరు సంపాదించాను. ఆ జిల్లాలో తెలుగు బాగానే నడుస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా రోజూ ఉదయం ఆరింటికి ఆయన ఫోను చేసేవారు, లేదా నేను చేసేవాణ్ణి. "ముందు గంట చెప్పండి సార్, తర్వాత అంకె చెప్పండి" అనేవాణ్ణి. ఆయన నవ్వేవారు. అనుమతి లేదు, ఉత్తర్వు లేదు, ఫైలు లేదు. మూడు వర్షాకాలాలు మాకు ఏ ఆశ్చర్యమూ ఎదురుకాలేదు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. వచ్చినాయన "పై నుంచి రాతపూర్వకంగా వస్తే చూద్దాం" అన్నారు. ఆయన అన్నదీ నిబంధనే. ఇద్దరు మనుషుల మంచితనం మీద నిలబడిన సహకారం ఒక బదిలీ ఉత్తర్వుతో పోతుందని అప్పుడు తెలిసింది. మీకు పరీక్షలో 'సంస్థాగత ఏర్పాటు' అనే మాట వస్తుంది చూడండి, దాని అర్థం ఇదే.

అసలు 'భద్రత' అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. భద్రతా ముప్పు అనగానే యుద్ధం అనుకోకండి. నీటి కోసం దేశాలు సైన్యాలతో తలపడిన సందర్భాలు వెతికితే చాలా తక్కువ. ముప్పు ఎక్కువగా చుట్టుదారిలో వస్తుంది: పంట పోవడం, బోర్లు ఎండడం, అప్పు, వలస, పట్టణంలో తాగునీటి కటకట, అప్పటికే ఉన్న పాత పగ ఏదైనా ఉంటే దానికి కొత్త సాకు. ఈ గొలుసులో ఏ లింకునూ వాతావరణం ఒక్కటే తయారు చేయదు. పాలమూరు కూలీ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దూరప్రాంతాల ప్రాజెక్టులకు, ముంబైకి వలస వెళ్లడం వాతావరణ మార్పు అనే మాట ఎవరికీ తెలియని రోజుల నుంచే ఉంది. దానికి భూమి లెక్కలున్నాయి, కులం ఉంది, కృష్ణా ఒడ్డునే ఉన్నా పొలానికి నీరు ఎక్కని చరిత్ర ఉంది. వాన తప్పిన ఏడాది బస్సులో మనుషులు పెరుగుతారు, అంతవరకే చెప్పగలం. సిరియా యుద్ధానికి కరువే కారణమని రాసే పుస్తకాలనూ ఇదే జాగ్రత్తతో చదవండి. 2006 తర్వాత అక్కడ తీవ్రమైన కరువు వచ్చిన మాట నిజం. యుద్ధానికి అదెంత కారణమన్న దాని మీద పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరో ఒకరు ఇక్కడే గుచ్చుతారు.

ఒక ప్రకృతి విపత్తు దేశ పటాన్నే మార్చడానికి తోడ్పడిన సంగతి కావాలంటే మన బంగాళాఖాతంలోనే ఉంది. 1970 నవంబరు 12 రాత్రి భోలా తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌ను తాకింది. కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. సహాయం అందించడంలో పశ్చిమ పాకిస్తాన్ పాలకులు చూపిన అలసత్వం మీద జనం కోపం డిసెంబరు ఎన్నికల్లో బయటపడింది. అవామీ లీగ్ ఊడ్చేసింది. ఏడాది తిరిగేసరికి బంగ్లాదేశ్ పుట్టింది. తుపానే దేశాన్ని పుట్టించిందని అనను, పగ పాతది. కానీ మండడానికి సిద్ధంగా ఉన్నదాని మీద అది పడింది.

సహకారం పనిచేసిన ఉదాహరణ కూడా సరిగ్గా అక్కడి నుంచే మొదలైంది. 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా సంఘం కలిసి ఉత్తర హిందూ మహాసముద్రపు దేశాలకు తుపానుల సంఘం ఒకటి ఏర్పాటు చేశాయి. ఇప్పుడు అందులో 13 దేశాలున్నాయి. ఢిల్లీలోని మన వాతావరణ శాఖ కేంద్రం ఆ దేశాలన్నిటికీ తుపాను సూచనలు పంపుతుంది. భారత్, పాకిస్తాన్ రెండూ అందులో సభ్యులే. శ్రీకాకుళాన్ని 2018లో దెబ్బతీసిన తిత్లీకి ఆ పేరు పెట్టింది పాకిస్తాన్. విశాఖను 2014లో కుదిపేసిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. సరిహద్దులో ఏం జరుగుతున్నా ఈ జాబితా ఆగలేదు. ఫలితం చూడండి: 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు మన దగ్గర పది వేల ప్రాణాలు పోయాయి. 1999 ఒడిశా తుపానులో కూడా ఇంచుమించు అంతే. 2013లో అదే ఒడిశా తీరాన్ని పైలిన్ తాకినప్పుడు మృతులు పదుల్లోనే ఉన్నారు. ఇది కేవలం అంతర్జాతీయ సహకారం గొప్పతనం కాదు. ఉపగ్రహాలు, తుపాను షెల్టర్లు, లక్షల మందిని ముందే ఖాళీ చేయించిన జిల్లా యంత్రాంగం, అన్నీ కలిసి చేసిన పని. కానీ హెచ్చరిక ఇవ్వడం, పుచ్చుకోవడం రాజకీయాలకు బయట ఉంచగలిగారు. సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 తర్వాత జరగనే లేదు, తుపాను బులెటిన్ మాత్రం ఒక్క పూట ఆగలేదు.

ఆగిన చోటు ఒకటి చెబుతాను. బ్రహ్మపుత్ర వరద లెక్కలు వర్షాకాలంలో మనకు ఇవ్వడానికి చైనాతో 2002లో ఒప్పందం కుదిరింది. 2017లో డోక్లాంలో రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలిచిన ఆ వర్షాకాలం లెక్కలు రాలేదు. గేజీ కేంద్రాలకు మరమ్మతులు జరుగుతున్నాయని చైనా చెప్పింది. "గేజీ రిపేరులో ఉంది" అనే మాట నా ఉద్యోగంలో ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు అన్నానో! 2018లో మళ్లీ ఇవ్వడం మొదలైంది, 2023లో ఆ ఒప్పందం గడువు తీరింది. తుపాను ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి దాని కబురు పంచుకోవడం తేలిక. నది ఎగువవాడి చేతిలో ఉంటుంది, కాబట్టి లెక్క కూడా ఆయుధమవుతుంది. ఈ తేడా పట్టుకుంటే మీ జవాబుకు సగం బలం వచ్చినట్లే.

పంపకం దాకా వెళ్లిన ఒప్పందాల్లో గంగ మీద 1996 డిసెంబరు 12న భారత్, బంగ్లాదేశ్ సంతకం చేసినది చదవండి. జనవరి నుంచి మే దాకా, పది రోజులకో లెక్క. ఫరక్కా దగ్గర 70,000 క్యూసెక్కులు లేదా అంతకంటే తక్కువ ఉంటే చెరి సగం. 50,000 కంటే పడిపోతే రెండు ప్రభుత్వాలు వెంటనే కూర్చుని మాట్లాడుకోవాలి. ఎండాకాలంలో నీరు తగ్గితే ఏం చేయాలో ముందే రాసుకున్న ఒప్పందం ఇది. లోపాలున్నాయి, బంగ్లాదేశ్‌కు ఫిర్యాదులున్నాయి. ముప్పై ఏళ్ల గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది, అందువల్ల ప్రశ్నగా వచ్చే అవకాశమూ ఎక్కువ. 1960 నాటి సింధు ఒప్పందం 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకుంది. పహల్గామ్ దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో భారత్ దాన్ని నిలిపివేసింది. ఎంత గట్టి ఒప్పందానికైనా మోయగలిగే బరువు ఇంత అని ఉంటుంది.

ఆఫ్రికాలో సెనెగల్ నది మీద మాలి, మౌరిటానియా, సెనెగల్ 1972లో పెట్టుకున్న సంస్థ ఇంకో దారి చూపింది. మనంతాలి డ్యామ్ ఏ ఒక్క దేశానిదీ కాదు, అందరిదీ. 1989లో మౌరిటానియా, సెనెగల్ మధ్య రక్తపాతం జరిగినా ఆ సంస్థ చెదిరిపోలేదు. అక్కడి నీటి శాఖల లోతుపాతులు నాకు తెలియవు, కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఇక నేను అందరికంటే ఎక్కువగా నమ్మే ఉదాహరణ దేవరకొండ దగ్గరి మా ఊరి చెరువు. పుస్తకాల్లో దొరకదు. మా చెరువు గొలుసుకట్టులో, అంటే ఒకదాని నీరు ఇంకొకదానికి దిగే చెరువుల వరుసలో, మూడోది. పైచెరువు నిండి మత్తడి (అలుగు) దూకబోతుంటే ఆ ఊరి నీరటి (చెరువు నీరు వదిలే మనిషి) మా నీరటికి కబురు పంపేవాడు. పైకట్ట తెగితే కింద కట్టలన్నీ తెగుతాయి కాబట్టి ఆ కబురు ఎవరి దయా కాదు. యాసంగికి ముందు తైబందీ జరిగేది. అంటే చెరువులో ఎంత నీరుందో చూసి, ఈ ఏడాది ఎన్ని ఎకరాలు పారించగలమో తేల్చడం. నా చిన్నప్పుడు చూశాను: నీరటి తూము మెట్లు దిగి, నీళ్లలో ఎన్ని మెట్లు మునిగి ఉన్నాయో కర్రతో తడిమి, గట్టిగా అరిచి చెప్పేవాడు. పై కులమూ కింది కులమూ, పటేలూ పాలేరూ అందరూ కట్ట మీద ఉండేవారు. అందరి ముందు లెక్క. సగం చెరువే ఉంటే సగం ఆయకట్టే. అది కూడా తూముకు దగ్గరి సగం, చివరి భూములవాళ్లకు ఆ దగ్గరి భూమిలో ఆ ఒక్క పంటకు దామాషా ప్రకారం చెక్కలు. న్యాయం పూర్తిగా జరిగేదని చెప్పను, పటేల్ చెక్క ఎప్పుడూ తూము పక్కనే పడేది. కానీ 'నీరు ఎంత ఉంది' అన్న దాని మీద గొడవ పడినవాణ్ణి నేను చూడలేదు. కొట్లాడుకుంటే పంపకం మీదే.

నదీ జలాల ఒప్పందాలకు కొరవడింది ఈ తైబందీయే. ఒప్పందం ఒకసారి అంకెలు రాసి తాళం వేస్తుంది. తైబందీ ఏటా చెరువును అడుగుతుంది. వాన పాత దారిన నడవని రోజుల్లో మొదటిదాని కంటే రెండోదే నిలబడుతుందని నా అభిప్రాయం. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు 2014 విభజన చట్టంతో వచ్చింది. ఆటోమేటిక్‌గా ప్రవాహం కొలిచే టెలిమెట్రీ పరికరాలు మొదటి దశలో పెట్టారు, మిగతా దశ ఏళ్లుగా నలుగుతోంది. ట్రిబ్యునల్ వాదనలకు పత్రికలిచ్చే చోటులో పదో వంతు కూడా ఆ పరికరాలకు దొరకదు. నా లెక్కలో అవే ముందు. రెండు వైపుల వాళ్లూ ఒకే గేజీని, ఒకే క్షణంలో, ఒకే తెర మీద చూడాలి. అదే మన తూము మెట్టు.

ఇంటర్వ్యూలో తప్పక అడిగే ఒక చిక్కు ఉంది. 2021 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో వాతావరణాన్ని భద్రతా అంశంగా చూడాలని ఐర్లాండ్, నైజర్ తీర్మానం పెట్టాయి. 12 దేశాలు అనుకూలం, చైనా తటస్థం. రష్యా వీటో చేసింది. భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. "మీరేమో సహకారం అంటున్నారు, మన దేశమే వద్దంది కదా?" అని అడగవచ్చు. తడబడకండి. వాతావరణం మీద మాట్లాడే వేదిక అన్ని దేశాలకూ సమాన స్థానం ఉన్న ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పంద వేదికే గానీ, అయిదు దేశాలకు వీటో ఉన్న మండలి కాదన్నది భారత్ వాదన. అక్కడికి తీసుకెళ్తే ఉద్గారాలు చేసినవాళ్ల బాధ్యత పక్కకు పోయి, పేద దేశాల మీద భద్రత పేరుతో ఆంక్షలు వస్తాయన్న అనుమానం కూడా ఉంది. ఈ వాదనతో ఏకీభవించనవసరం లేదు, తెలిసి ఉండాలి. నేనైతే సగమే ఏకీభవిస్తాను.

చివరగా ఒక పని. పుస్తకం పక్కన పెట్టి వచ్చే వర్షాకాలంలో నెల రోజులు చేయండి. జూరాల మీకు దగ్గరే. రోజూ పత్రికలో ప్రాజెక్టుల నీటి మట్టాల పట్టిక వస్తుంది. జూరాల నుంచి కిందికి వదిలినది, తుంగభద్ర మీద సుంకేసుల నుంచి వదిలినది కూడి, ఆ రోజు, మర్నాడు శ్రీశైలానికి వచ్చిన ఇన్‌ఫ్లోతో పోల్చి ఒక నోటుబుక్కులో రాయండి. మధ్యలో హంద్రీ కలుస్తుంది, వానలు పడతాయి, నీరు చేరడానికి గంటలు పడతాయి, కాబట్టి అచ్చంగా సరిపోదు. ఏ రోజుల్లో తేడా మరీ ఎక్కువ వస్తోందో చూసి, ఆ పట్టికలో రీడింగు ఎన్ని గంటలకు తీశారో రాశారా లేదా వెతకండి. ఏం కనబడిందో ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.